శ్రీకాకుళంలో రాతి పగడాలు పెంచాలనుకునేవారికి: మొదటి ఏడాది పనులు

రాతి పగడాన్ని ఇంటికి తెచ్చే రోజు ఈ పనిలో చివరన రావాలి. చాలామంది దాంతోనే మొదలుపెడతారు. విశాఖలోనో చెన్నైలోనో నీలి వెలుగు కింద ఊగుతున్న పగడాన్ని చూసి ముచ్చటపడతారు, సంచిలో నీళ్లతో సహా పట్టుకొస్తారు, నీటి సంగతి ఆ తర్వాత ఆలోచిస్తారు. కొన్ని వారాలకు ట్యాంకులో తెల్లటి సున్నపు ముక్క మిగులుతుంది. అందుకే ఇక్కడ చట్టం, నీరు, రాయి, చలువ, వెలుగు అనే వరుసలో చెబుతాను. ఆ పైన కొన్ని నెలల ఓపిక, చివరికి పగడం. మధ్యలో క్షారత అనే ఒక్క సంఖ్య దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే రాతి పగడం బతకడం, చావడం చాలావరకు అక్కడే తేలుతుంది.

లెక్కలన్నీ ఒకే కొలతకు చెబుతున్నాను: మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల గాజు ట్యాంకు, దాని కింద పరికరాలు పెట్టుకునే రెండో చిన్న నీటి తొట్టి (సంప్). రాళ్లు ఆక్రమించిన చోటు పోగా రెండింటిలో కలిపి సుమారు 200 లీటర్ల నీరు ఉంటుంది. ఇంతకంటే చిన్న ట్యాంకు చవకగా కనిపిస్తుంది గానీ, కొత్తవారికి అదే కష్టం. నీరు తక్కువైతే వేడైనా, ఉప్పదనమైనా గంటల్లో మారిపోతుంది.

ముందుగా చట్టం

రాతి పగడాలన్నిటినీ, అంటే శాస్త్రవేత్తలు స్క్లెరాక్టీనియా అని పిలిచే వర్గం మొత్తాన్నీ, 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి పేరు ఉన్న షెడ్యూలు అదే. నల్ల పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు కూడా అప్పుడే చేరాయి. సముద్రం నుంచి వీటిని తీయడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, కొనడం నేరం. బతికున్నదానికీ ఎండిపోయినదానికీ తేడా లేదు. అండమాన్ వెళ్లిన బంధువు ఒడ్డున ఏరి తెచ్చిన తెల్లటి పగడపు ముక్కను ట్యాంకులో అలంకారంగా పెట్టడం కూడా తప్పే.

విదేశాల్లో నర్సరీల్లో పెంచిన ముక్కల సంగతి వేరు కదా అని దుకాణదారులు అంటారు. స్క్లెరాక్టీనియా మొత్తం, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. అంటే ఏ దేశం నుంచి వచ్చినా ఎగుమతి అనుమతి పత్రం ఉండాలి, మన వైపు దిగుమతి అనుమతులూ ఉండాలి. పైగా మన షెడ్యూలులో రాసింది వర్గం మొత్తం పేరు, దేశీ విదేశీ అన్న విభజన అందులో లేదు. కాబట్టి దుకాణం ఇచ్చిన బిల్లు ఒక్కటీ మిమ్మల్ని కాపాడదు. డబ్బు కట్టే ముందే జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. "అందరూ కొంటున్నారు" అన్న మాట ఏ విచారణలోనూ పనికిరాదు.

జవాబు అనుకూలంగా రాకపోతే ట్యాంకు వృథా కాదు. డిస్కోసోమా, రోడాక్టిస్ వంటి మష్రూమ్ పగడాలు, సార్కోఫైటన్, సినులేరియా వంటి మెత్తని లెదర్ పగడాలు, జోవాంథిడ్లు రాతి పగడాల వర్గానికి చెందవు. వాటికీ కొన్నచోటి నుంచి పత్రాలు తీసుకోండి. కింద చెప్పినదంతా, సున్నం భర్తీ చేసే భాగం తప్ప, వాటికీ వర్తిస్తుంది. జోవాంథిడ్లతో ఒక జాగ్రత్త ఉంది: కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకండి. అవి అంటుకున్న రాయిని బ్రష్షుతో రుద్దకండి, వేడినీళ్లు అసలే పోయకండి.

ఇక అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటూ ఇది చదువుతున్న మనవాళ్లకు నర్సరీ ముక్కలు సులభంగానే దొరుకుతాయి. అక్కడి నిబంధనలు చూసుకుని మిగతాది పాటించండి.

మన తీరంలో పగడపు దిబ్బలు ఎందుకు లేవు

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ట్యాంకులో ఏం చేయకూడదో సగం తెలిసినట్టే. భారతదేశంలో పగడపు దిబ్బలు ముఖ్యంగా మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి ప్రాంతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. ఉత్తరాంధ్ర తీరంలో వంశధార, నాగావళి వంటి నదులు వానాకాలంలో మంచినీటినీ బురదనూ సముద్రంలోకి తోస్తాయి. అటు మహానది, ఇటు గోదావరి అదే పని పెద్ద ఎత్తున చేస్తాయి. రాతి పగడానికి ఉప్పదనం నిలకడగా ఉండాలి, నీరు తేటగా ఉండాలి.

పగడం జంతువే. దాని కణజాలంలో జూక్సాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురం ఉంటాయి. అవి వెలుగుతో ఆహారం తయారుచేసి ఆతిథ్యమిచ్చిన జంతువుకు అందులో ఎక్కువ భాగం ఇస్తాయి. ఆ శక్తితో పగడం నీటిలోని కాల్షియాన్నీ కార్బొనేట్‌నూ లాక్కుని అరగొనైట్ అనే సున్నపు రాతితో ఇల్లు కట్టుకుంటుంది. మెత్తని పగడానికి వెలుగు, ప్రవాహం, శుభ్రత సరిపోతాయి. రాతి పగడానికి వీటితో పాటు ప్రతిరోజూ కట్టుబడి సామగ్రి కూడా అందాలి.

చోటు, బల్ల

నీరు, గాజు, రాళ్లు, బల్ల కలిపి సుమారు 300 కిలోలు తూగుతాయి. పై అంతస్తయితే గోడవారగా, దూలం ఉన్నచోట పెట్టండి. ట్యాంకుకు 10 మిల్లీమీటర్ల గాజు వాడమనండి. మామూలు ఇనుప స్టాండు ఉప్పునీటి తుంపరకు తుప్పు పడుతుంది, సాధారణ ప్లైవుడ్ ఉబ్బుతుంది. మెరైన్ ప్లైవుడ్ గానీ జింకు పూత పూసిన ఇనుము గానీ మేలు. వాస్తు చూసేవారు ఈశాన్య మూల అంటారు. ఈశాన్యంలో పడమటి ఎండ పడదు కాబట్టి నాకూ అభ్యంతరం లేదు. ఆ మూలన ప్లగ్ పాయింటు లేకపోతే మాత్రం ఉన్నచోటే పెట్టండి. ప్రతి తీగనూ ప్లగ్ కంటే కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్లండి, జారే ఉప్పునీరు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే బ్రేకరు) లేకుండా ట్యాంకులో చెయ్యి పెట్టకండి.

నీరు: కళింగపట్నం బీచ్ నుంచి తెచ్చుకోవచ్చా?

వద్దు. సముద్రం పక్కనే ఉండగా ఉప్పు కొనడం ఏమిటని ఇంట్లో పెద్దలు నవ్వవచ్చు. కళింగపట్నం దగ్గర వంశధార కలుస్తుంది, వరదల కాలంలో అక్కడి ఉప్పదనం బాగా పడిపోతుంది. ఒడ్డు నీటిలో పడవల డీజిలు, రొయ్యల చెరువులు వదిలిన నీరు, మురుగు కలిసి ఉంటాయి. ఈ రోజు బాగున్న నీరు వచ్చే వారం అలాగే ఉంటుందన్న భరోసా లేదు. రాతి పగడానికి కావలసిందే ఆ భరోసా.

కాబట్టి శుద్ధమైన మంచినీటిలో రీఫ్ ఉప్పు, అంటే పగడపు ట్యాంకుల కోసం తయారుచేసిన ఉప్పు, కలపాలి. వీధి చివర ప్లాంటులో నింపే 20 లీటర్ల ఆర్వో క్యాను తాగడానికి బాగానే ఉంటుంది, ట్యాంకుకు నేరుగా పనికిరాదు. అందులో ఇంకా కొంత టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మిగిలి ఉంటుంది, కొన్నిచోట్ల రుచి కోసం ఖనిజాలు కలుపుతారు కూడా. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం అమర్చి, టీడీఎస్ మీటరు సున్నా చూపించే వరకు శుద్ధి చేయాలి. మీటరు 2 చూపిస్తే రెజిన్ మార్చే సమయం వచ్చినట్టే. ఇక్కడ పొదుపు చేస్తే మిగిలే సొమ్మంతా తర్వాత నాచుతో పోరాడటానికి ఖర్చవుతుంది.

200 లీటర్లకు సుమారు ఏడున్నర కిలోల ఉప్పు పడుతుంది. బకెట్లో నీరు పోసి, చిన్న పంపు తిప్పుతూ ఉప్పు కొద్దికొద్దిగా వేసి, కరిగిన తర్వాత కొలవండి. లవణీయత వెయ్యికి 35 వంతులు, అంటే సాపేక్ష సాంద్రత 1.026 ఉండాలి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ కోసం బెంగళూరు దాకా చూడనక్కర్లేదు. తీర మండలాల్లో రొయ్యల సాగు సామగ్రి అమ్మే దుకాణాల్లో అది దొరుకుతుంది. మంచినీటితో సున్నా సరిచేసి వదిలేయకండి. 35 వంతుల ప్రామాణిక ద్రావణం చిన్న సీసా కొని, దానితో సరిచూడండి. ఉప్పు డబ్బా కొనేటప్పుడు కలిపిన నీటి క్షారత ఎంతో చూడండి: కింద చెప్పబోయే డీకేహెచ్ కొలతలో 8, 9 మధ్య వచ్చేది తీసుకోండి. "వేగంగా పెరగడానికి" అంటూ 11, 12 ఇచ్చే ఉప్పులు కొత్త ట్యాంకుకు అవసరం లేదు.

రాయి, ఇసుక

రాళ్లు ట్యాంకులో అందం కోసం మాత్రమే పెట్టేవి కావు. వాటి రంధ్రాల్లో చేరే బ్యాక్టీరియానే మీ ఫిల్టరు. అందుకే రంధ్రాలున్న సెరామిక్ రాళ్లు 10 నుంచి 15 కిలోలు కొనండి. సముద్రంలోంచి తీసిన "లైవ్ రాక్" అమ్మజూపితే వద్దనండి, అది పాత పగడమే కావచ్చు. టెక్కలి వైపు గ్రానైటు ముక్కలు ఉచితంగా దొరుకుతాయి గానీ, గ్రానైటులో రంధ్రాలు లేవు కాబట్టి అది బరువు తప్ప మరేమీ ఇవ్వదు. గరివిడి, చీపురుపల్లి ప్రాంతాల రాళ్లయితే ఇంకా దూరంగా ఉంచండి. అవి మాంగనీసు గనుల నేలలు, లోహాలు నీటిలోకి దిగడం మనకు వద్దు.

బీచ్ ఇసుక గురించీ అడుగుతారు. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో ఇసుకతో పాటు ఇల్మెనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. ఆ నల్లటి గీతలు అవే. వాటిలో అయస్కాంతానికి అంటుకునే రేణువులు గాజు తుడిచే అయస్కాంతపు బ్రష్షులో ఇరుక్కుంటే ట్యాంకు అద్దమంతా గీతలే. అరగొనైట్ ఇసుక కొని పలుచగా, రెండు మూడు సెంటీమీటర్ల మందం మించకుండా పరవండి.

రాళ్లను గోడలా పేర్చకండి. వెనక నుంచి నీరు తిరగాలి, రేపు పగడాలు పెట్టడానికి మెట్లలాంటి చదునైన చోట్లు ఉండాలి.

చలువ: మన జిల్లాల అసలు సమస్య

నీటి వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడం తనలోని శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో గాలే 34, 35 ఉంటుంది, దానికి పంపులు, లైట్ల వేడి తోడు.

నీటి మీద ఫ్యాను పెడితే చాలని హైదరాబాదు స్నేహితులు చెబుతారు. వారికి అది పనిచేస్తుంది. పొడిగాలిలో నీరు వేగంగా ఆవిరై వేడిని తీసుకుపోతుంది. మన తీరంలో వేసవి గాలిలోనూ తేమ నిండుగా ఉంటుంది, ఆవిరి నెమ్మదిస్తుంది, చలువా తగ్గుతుంది. ఫ్యాను రెండు మూడు డిగ్రీలు తగ్గించగలదు, అంతకు మించి ఆశించకండి. రాతి పగడాలు పెట్టాలంటే చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) గానీ పగలూ రాత్రీ ఏసీ నడిచే గది గానీ ఉండాలి. ఈ ట్యాంకుకు పదో వంతు హెచ్‌పీ చిల్లర్ సరిపోతుంది. దాన్ని బల్ల లోపల మూసేయకండి, అది నీటి నుంచి తీసిన వేడిని బయటికి ఊదుతుంది. మూసిన బల్లలో ఆ వేడి తిరిగి సంప్‌లోకే చేరుతుంది. ఏసీ గదిలో తలుపులన్నీ వేసి ఉంచితే మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని నీటి పీహెచ్ తగ్గుతుంది. రోజూ ఒక గంట కిటికీ తీయండి.

చిల్లర్ ఖర్చు భరించలేమనుకుంటే ఇక్కడే ఆగి, మంచినీటి ట్యాంకు పెట్టుకోవడం మంచిది. ఇది కటువుగా అనిపించినా, ఇక్కడి మే నెలను దాటే దారి మరొకటి లేదు.

వెలుగు, ప్రవాహం, స్కిమ్మర్

రీఫ్ కోసం చేసిన ఎల్ఈడీ లైటు కావాలి, నీలం ఎక్కువగా ఉండేది. వెలుగు బలాన్ని పీఏఆర్ అనే కొలతలో చెబుతారు. కండగల పెద్ద పాలిప్ పగడాలకు (పాలిప్ అంటే పగడంలోని ఒక్కో చిన్న జీవి) 50 నుంచి 150, చిన్న పాలిప్ రకాల్లో మాంటిపోరాకు 150 నుంచి 250, ఆక్రోపోరాకు 250 పైన. రోజుకు 8 నుంచి 10 గంటలు చాలు. కొత్త పగడం వచ్చినప్పుడు లైటును సగం బలానికి తగ్గించి, మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచండి. తక్కువ వెలుగులో పగడం గోధుమరంగుకు తిరుగుతుంది, మళ్లీ కోలుకుంటుంది. ఎక్కువ వెలుగులో మాడితే కోలుకోవడం అరుదు.

ప్రవాహానికి, నీటిని అలల్లా కదిలించే రెండు వేవ్‌మేకర్లు ఎదురెదురుగా పెట్టండి. కండగల పగడాలకు గంటకు ట్యాంకు నీటికి 10 నుంచి 20 రెట్లు, కొమ్మ పగడాలకు 30 రెట్లు, ఆ పైన. ఒకే వైపు నుంచి నేరుగా కొట్టే ధార పగడం కండను ఎముక మీద నుంచి చీలుస్తుంది. మాటిమాటికీ దిశ మారే కదలిక కావాలి. ప్రొటీన్ స్కిమ్మర్ మురికిని నురగతో బయటికి లాగుతుంది, ట్యాంకు కొలత కంటే కొంచెం పెద్దది కొనండి.

రాగి ఏ రూపంలోనూ ఈ నీటిని తాకకూడదు. ఇత్తడి కుళాయి, రాగి బిందె, రాగి ఉన్న చేపల మందు, అన్నీ దూరం. దోమల మందు పిచికారీలు కూడా ఆ గదిలో వద్దు. వాటిలోని పైరిత్రాయిడ్లు రొయ్యలనూ పీతలనూ చంపుతాయి.

ఖాళీ ట్యాంకుతో ఆరు వారాలు

రాళ్లు, నీరు, పంపులు పెట్టాక అమ్మోనియా వేయాలి. ప్రయోగశాల నాణ్యత గల అమ్మోనియం క్లోరైడ్ గ్రాముకు కాస్త ఎక్కువ వేస్తే 200 లీటర్లలో 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వస్తుంది. కళాయి పూసేవారు వాడే నవాసాగరం కూడా అదే రసాయనం, కానీ దానిలో ఏ లోహం కలిసిందో తెలియదు, వాడకండి. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. వేసిన 2 పీపీఎం ఒక్క రోజులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరితే మొదటి దశ అయిపోయినట్టు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సీసా బ్యాక్టీరియా వేస్తే కొంత తగ్గుతుంది.

ఆ తర్వాత గాజు మీద గోధుమరంగు పొడి పడుతుంది. అవి డయాటమ్‌లు అనే సూక్ష్మ శైవలాలు, వాటంతట అవే పోతాయి. వెనకే ఆకుపచ్చ నాచు వస్తుంది. నత్తలు, ఒకటి రెండు చిన్న చేపలు అప్పుడు వేయండి. నైట్రేట్‌ను 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్‌ను 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచండి. రెండూ సున్నా అయితే శుభ్రంగా ఉందని సంతోషపడకండి. పగడం పాలిపోతుంది, డైనోఫ్లాజెల్లేట్లు అనే జిగట పొర రాళ్లను కప్పేస్తుంది. దాన్ని వదిలించుకోవడం నాచు కంటే చాలా కష్టం.

క్షారత

నీటిలో పగడానికి అందుబాటులో ఉన్న కార్బొనేట్, బైకార్బొనేట్ నిల్వను కొలిచే సంఖ్య ఇది. అక్వేరియం వారు డీకేహెచ్‌లో చెబుతారు. 7 నుంచి 9 మధ్య ఎక్కడైనా మంచిదే. 8 ఎంచుకున్నారనుకోండి, ఇక ఏడాదంతా 8 దగ్గరే ఉంచాలి. నెలంతా 7.4 దగ్గర కదలకుండా ఉన్న నీటిలో పగడం పెరుగుతుంది. సోమవారం 7, గురువారం 9.5, ఆదివారం 8 చూపే నీటిలో దాని కండ అంచుల నుంచి ఊడిపోతుంది, సగటు చూస్తే ఎనిమిదికి పైనే ఉన్నా సరే.

కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం ఉండాలి. వాటికంటే క్షారత మీదే ఎందుకు కన్ను? లెక్క చూడండి. పగడం 2.8 డీకేహెచ్ క్షారత వాడినప్పుడు 20 పీపీఎం కాల్షియం మాత్రమే వాడుతుంది. రోజుకు 0.2 డీకేహెచ్ తగ్గే ట్యాంకును నెల రోజులు పట్టించుకోకపోతే క్షారత 8 నుంచి 2కు పడుతుంది, కాల్షియం మాత్రం 420 నుంచి 377కు. రెండోదాన్ని పగడం ఓర్చుకుంటుంది. మొదటిది జరిగే లోపే చనిపోతుంది.

కొలవడానికి చుక్కల పరీక్ష కిట్ కొనండి. రొయ్యల రైతుల కోసం నీరు పరీక్షించే ఆక్వా ల్యాబుల్లో కూడా ఇవి చూస్తారు. మీ కిట్ సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి నెలకోసారి అక్కడ నమూనా ఇవ్వడం చవకైన పద్ధతి. కొలమానం మాత్రం చూసుకోండి. వారు క్షారతను కాల్షియం కార్బొనేట్ పీపీఎంలో రాస్తారు: దాన్ని 17.9తో భాగిస్తే డీకేహెచ్ వస్తుంది. వారి 143 మన 8. కాల్షియం గట్టిదనం అని రాస్తే 2.5తో భాగించాలి. వారి 1050 మన 420.

ఇప్పుడు పద్ధతి. ఒక రోజు రాత్రి ఎనిమిదింటికి కొలిచి రాయండి. మధ్యలో ఏమీ కలపకుండా మూడు రోజుల తర్వాత అదే వేళకు మళ్లీ కొలవండి. వేళ మారితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే వెలుగున్నప్పుడు పగడం ఎక్కువ వాడుతుంది. మొదట 8.4, తర్వాత 7.8 వచ్చిందంటే రోజువారీ వాడకం 0.2. దాన్ని ప్రతిరోజూ భర్తీ చేయాలి.

భర్తీకి మొదటి సాధనం సున్నపు తేట. స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ను శుద్ధజలంలో లీటరుకు రెండు గ్రాముల లెక్కన కలిపి, అడుగున మడ్డి పేరుకున్నాక పైన తేరిన తేటను మాత్రమే వాడాలి. ఇది క్షారతనూ కాల్షియాన్నీ పగడం వాడే నిష్పత్తిలోనే ఇస్తుంది. 200 లీటర్లలో ఒక లీటరు తేట సుమారు 0.57 డీకేహెచ్ పెంచుతుంది. రోజుకు 0.2 కావాలంటే 350 మిల్లీలీటర్లు. తాంబూలపు సున్నం, గోడల సున్నం వాడకండి, వాటిలో మలినాలుంటాయి. తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది, కాబట్టి ఒక్కసారి పోయకూడదు. రాత్రంతా చుక్కచుక్కగా సంప్‌లో పడాలి. చేతికి, కంటికి తగలనివ్వకండి. ఆవిరైన నీటి స్థానంలో దీన్నే పోయాలి. ఆవిరైనదానికంటే ఎక్కువ పోస్తే ఉప్పదనం పడిపోతుంది. తేమగాలిలో ఆవిరి తక్కువని ముందే చెప్పుకున్నాం, అందుకే మన దగ్గర తేటకు ఒక పరిమితి ఉంది.

ఆ పరిమితి దాటాక రెండు సీసాల పద్ధతి. ఒకదానిలో సోడియం బైకార్బొనేట్, మరోదానిలో కాల్షియం క్లోరైడ్. రెండూ ఒకేచోట, ఒకేసారి పోయకూడదు. కలిసినచోటే సున్నంగా గడ్డకట్టి వృథా అవుతాయి. 200 లీటర్లలో 1 డీకేహెచ్ పెరగడానికి 6 గ్రాముల బైకార్బొనేట్ కావాలి. అంటే 0.2కు రోజుకు 1.2 గ్రాములు. వంట సోడా అదే రసాయనం. బేకింగ్ పౌడర్ మాత్రం కాదు, అందులో ఆమ్ల లవణం, పిండి కలిసి ఉంటాయి. రొయ్యల చెరువుల స్థాయి ఖనిజాలు చవకగా వచ్చినా వద్దు. క్షారత ఎంత పడిపోయినా ఒక రోజులో 1 డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచకండి. చేతితో పోయడం మరిచిపోయేవారైతే డోసింగ్ పంపు కొనండి. ట్యాంకుకు కొనే అదనపు పరికరాల్లో నేను మొదట సమర్థించేది అదే.

వారానికి 20 లీటర్ల నీరు మార్చండి. ఒక క్యాను కాబట్టి గుర్తుంచుకోవడమూ తేలికే.

మొదటి పగడాలు

వేడి, ఉప్పదనం, క్షారత మూడు నెలలు కదలకుండా ఉన్నాయని మీ పుస్తకంలో రాసి ఉంటే, అటవీ శాఖ కాగితం చేతిలో ఉంటే, ఇప్పుడు పగడం.

డంకన్, క్యాండీ కేన్ అని పిలిచే కాలాస్ట్రియా, బ్లాస్టోముస్సా ముందు. ఇవి కండగలవి, చిన్నచిన్న తప్పులను ఓర్చుకుంటాయి. కుదురుకున్నాక హామర్, ఫ్రాగ్‌స్పాన్. ఆరేడు నెలలకు మాంటిపోరా. ఆక్రోపోరాకు ఏడాది ఆగండి. అది బాగుంటే ట్యాంకంతా బాగున్నట్టే, అది చెడితే మీకు చెప్పకుండా ఒక్క రాత్రిలో చెడుతుంది.

కొనేటప్పుడు కండ ఎముక అంచు వరకు నిండుగా కప్పి ఉందా చూడండి. తెల్లటి అంచు, గోధుమరంగు జిగురు ఉంటే ధర ఎంత తగ్గించినా తీసుకోకండి. ఇంటికి తెచ్చాక సంచిని ఇరవై నిమిషాలు నీటిపై తేలనివ్వండి, ఆ తర్వాత పగడాన్ని పురుగులు వదిలించే డిప్ ద్రావణంలో సీసా మీద చెప్పినంతసేపు ముంచి ఊపండి. ఊడిపడ్డ పురుగులు, చిన్న నత్తలు గిన్నె అడుగున కనిపిస్తాయి. సంచి నీరు, డిప్ నీరు రెండూ పారబోయండి. పగడం అంటించి వచ్చిన చిన్న దిమ్మను విరిచేసి కొత్త దిమ్మకు అంటించడం ఇంకా మంచిది. ఆ పురుగుల గుడ్లు చాలావరకు పాత దిమ్మ మీదే ఉంటాయి, డిప్ గుడ్లను చంపదు.

మొదట ఇసుక దగ్గర, తక్కువ వెలుగులో పెట్టండి. హామర్ రకాలు రాత్రిపూట పొడవైన టెంటకిళ్లు (సన్నని చేతుల్లాంటివి) చాచి పొరుగువాటిని కుడతాయి కాబట్టి చుట్టూ 15 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. పాలిప్ విచ్చుకోలేదని రోజూ చోటు మార్చకండి. రెండు వారాలు అలాగే ఉండనివ్వండి. వారానికి ఒకటి రెండు సార్లు సన్నగా తరిగిన రొయ్య ముక్క టెంటకిళ్ల మీద వేస్తే తింటాయి.

కొత్త పగడం చేరిన ప్రతిసారీ క్షారత వాడకం పెరుగుతుంది. మూడు రోజుల పరీక్ష మళ్లీ చేయండి.

తుఫాను నెలలు

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మన జిల్లాల్లో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. కాబట్టి సెప్టెంబరులోనే సిద్ధపడాలి.

కరెంటు పోతే పగడాలను, చేపలను ముందు చంపేది ఆక్సిజన్ లేమి. ఇంటి ఇన్వర్టర్‌కు ఒకే ఒక వేవ్‌మేకర్ తగిలించి, దాని ముఖం నీటి పైభాగం కదిలేలా తిప్పండి. డీసీ వేవ్‌మేకర్ చాలా తక్కువ విద్యుత్తు తీసుకుంటుంది, మంచి బ్యాటరీ మీద రోజుకు పైగా నడుస్తుంది. అదనంగా బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి సొరుగులో ఉంచండి. లైట్లు, స్కిమ్మర్ ఆపేయండి. పగడం రెండు మూడు రోజుల చీకటిని భరిస్తుంది. మేత పూర్తిగా మానేయండి. సున్నపు తేట, సోడా కూడా ఆపండి, వెలుగు లేనప్పుడు వాడకం తగ్గుతుంది. తుఫాను హెచ్చరిక వినగానే కనీసం 40 లీటర్ల ఉప్పునీరు కలిపి మూత పెట్టి ఉంచుకోండి.

కరెంటు వచ్చిన వెంటనే అన్నీ ఒక్కసారి వేయకండి. మొదటి గంటల్లో వోల్టేజీ ఎగిరిపడుతుంది, చిల్లర్‌కు స్టెబిలైజర్ ఉండాల్సింది అందుకే. సంప్ పంపు గొట్టంలో రోజుల తరబడి నిలిచిన నీరు కుళ్లు వాసన వేస్తే దాన్ని ట్యాంకులోకి పోనివ్వకుండా బకెట్లోకి వదిలేయండి. అమ్మోనియా, క్షారత కొలవండి. అమ్మోనియా కనిపిస్తే దాచిన ఉప్పునీటితో మార్చండి. లైటును సగం బలంతో మొదలుపెట్టి వారంలో పాత స్థాయికి తీసుకురండి. భర్తీ మోతాదును మాత్రం పాత లెక్కతో మొదలుపెట్టకండి. మూడు రోజుల పరీక్ష చేసి కొత్త అంకె వచ్చాకే పంపు ఆన్ చేయండి.